పదిహేనుకి పదిహేను

వేరే చోట్ల అక్కర్లేదనుకున్నవాళ్ళు కలిసి ఆడిన ఒకే ఒక్క సీజన్. 2019 లూసియానా స్టేట్ ఫుట్‌బాల్ జట్టు కథ.

బ్యాటన్ రూజ్‌లో ఓ యూనివర్సిటీ క్యాంపస్‌లో పులి కాపురముంటుంది. బొమ్మ కాదు, గాండ్రించే పులే. పేరు మైక్. 1936లో మొదటిదాన్ని తెచ్చిన దగ్గర్నుంచి ఏ పులి వచ్చినా అదే పేరు. 2017లో వచ్చింది ఏడో మైక్. స్టేడియానికి రోడ్డవతల చెట్లూ కొలనూ ఉన్న పెద్ద ఆవరణలో ఉంచారు. ఒకప్పుడు మ్యాచ్ రోజున చక్రాల బోనులో పెట్టి మైదానంలోకి తీసుకెళ్ళేవారు. ఇప్పుడు ఆ ముచ్చట మానేశారు. పులికి ఆ మాత్రం మర్యాద దక్కడానికి ఎనభై ఏళ్ళు పట్టింది.

ఆ యూనివర్సిటీ పేరు లూసియానా స్టేట్. అందరూ ఎల్‌ఎస్‌యూ అంటారు. ఊరి జనాభా రెండు లక్షల చిల్లర అయితే, స్టేడియంలో సీట్లు 1,02,321. 1930ల్లో హాస్టల్ గదులకని ఉన్న డబ్బుతో స్టాండ్ల కింద గదులు కట్టి, ఆ గదుల నెత్తిన సీట్లు వేశారు. దశాబ్దాల పాటు విద్యార్థులు స్టేడియం పొట్టలోనే చదువుకున్నారు, అక్కడే నిద్రపోయారు. చదువు కింద, ఆట పైన. ఆ రాష్ట్రంలో దేని స్థానం ఎక్కడో ఆ కట్టడం చూస్తేనే తెలిసిపోతుంది.

ఎంఎస్ చదువుకని అమెరికా వెళ్ళిన మన పిల్లలు చాలామందికి ఈ సంగతి మొదటి సెప్టెంబరులోనే అర్థమవుతుంది. ర్యాంకులు చూసి, ఫీజులు లెక్కేసుకుని వెళ్తారు. శనివారం పొద్దున్నే లేచి చూస్తే పార్కింగ్ స్థలాలన్నీ గుడారాలు, గ్యాస్ పొయ్యిలు. ముసలీముతకా ఒకే రంగు చొక్కాలో తిరుగుతుంటారు. ఎల్‌ఎస్‌యూలో అయితే ఆ పొయ్యిల మీద గంబో, జాంబలాయా ఉడుకుతుంటాయి. ఫ్లోరిడా జట్టు వచ్చిన రోజున మొసలి మాంసం కాలుస్తారు, ఎందుకంటే ఆ జట్టు గుర్తు మొసలి.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్‌లో కాలితో తన్నేది తక్కువ. కోడిగుడ్డు ఆకారంలో బంతి, వంద గజాల మైదానం. పది గజాలు ముందుకు జరగడానికి నాలుగు అవకాశాలు. జరిగితే మళ్ళీ నాలుగు, లేకపోతే బంతి అవతలి జట్టుది. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ప్రతి ఎత్తుగడా క్వార్టర్‌బ్యాక్ చేతి మీదుగానే మొదలవుతుంది. వెనక్కి రెండడుగులు వేసి, మీదకు దూకే నూట ఇరవై కిలోల మనుషుల మధ్య నుంచి ఎవరికి విసరాలో మూడు సెకన్లలోపు తేల్చుకోవాలి. ఈ కథకు ఇంత తెలిస్తే చాలు.

పెరటి చెట్టు

2019 సీజన్ మొదలయ్యేనాటికి ఎల్‌ఎస్‌యూ కోచ్ ఎడ్ ఒర్జరాన్. గొంతులో కంకర పోసినట్టుండే మనిషి. దక్షిణ లూసియానాలో బయూ లఫూర్ష్ అనే కాలవ ఒడ్డున లరోజ్ ఆయన ఊరు. ఆ ప్రాంతం మన డెల్టా వాళ్ళకు చూడగానే నచ్చుతుంది. రొయ్యల పడవలు, వరి కోసిన మడిలోనే నీళ్ళు పెట్టి క్రాఫిష్ పెంచే రైతులు, అన్నం లేనిదే ముద్ద దిగని జనం. ఒర్జరాన్ కుర్రతనంలో పారతో రొయ్యలెత్తాడు. ఆటగాడిగా ఎల్‌ఎస్‌యూలో చేరి, కొద్ది వారాలకే బెంగపెట్టుకుని ఇంటికొచ్చేశాడు. కొన్నాళ్ళు కందకాలు తవ్వి, తర్వాత మరో చిన్న కాలేజీకి వెళ్ళి ఆడాడు.

కోచ్‌గా ఆయన జాతకం అంతకంటే గొప్పగా ఏమీ లేదు. మిసిసిపి యూనివర్సిటీలో 2005 నుంచి మూడేళ్ళలో పది గెలుపులు, ఇరవై అయిదు ఓటములు. ఉద్యోగం పోయింది. 2013లో దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీలో తాత్కాలిక కోచ్‌గా ఎనిమిదిట్లో ఆరు గెలిపించాడు. అయినా కుర్చీ ఇంకొకరికి ఇచ్చారు. 2016 సెప్టెంబరులో ఎల్‌ఎస్‌యూ తన కోచ్‌ను సీజన్ మధ్యలో సాగనంపి, అక్కడే ఆయన కింద పనిచేస్తున్న ఒర్జరాన్‌ను మళ్ళీ ‘తాత్కాలికం’గా కూర్చోబెట్టింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, ఇదీ అదే. యూనివర్సిటీ పెద్దల చూపు టామ్ హర్మన్ మీద, జింబో ఫిషర్ మీద ఉంది. హర్మన్ టెక్సస్ యూనివర్సిటీకి వెళ్ళాడు. ఫిషర్ ఆ తర్వాతి ఏడాది పదేళ్ళకు ఏడున్నర కోట్ల డాలర్ల ఒప్పందంతో టెక్సస్ ఏ అండ్ ఎంకి వెళ్ళాడు. మిగిలింది ఒర్జరాన్. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాయి.

ఇక క్వార్టర్‌బ్యాక్ జో బరో. ఒహాయోలో ఏథెన్స్ అనే చిన్న ఊరి కుర్రాడు. సొంత రాష్ట్రపు ఒహాయో స్టేట్‌లో మూడేళ్ళున్నా బెంచీ దిగి ఆడింది బహు తక్కువ. డిగ్రీ చేతికొచ్చాక 2018 మేలో ఎల్‌ఎస్‌యూకి మారాడు. వచ్చిన ఏడాది మొత్తం 16 టచ్‌డౌన్ పాస్‌లు. ఫర్వాలేదనిపించాడు, అంతే. బంతి అందుకునే జస్టిన్ జెఫర్సన్‌ను హైస్కూల్లో ఉండగా పెద్ద కాలేజీలేవీ పట్టించుకోలేదు. అతని అన్నలిద్దరూ ఎల్‌ఎస్‌యూలో ఆడారు గనక తమ్ముణ్ణీ తీసుకున్నారనుకున్నారు. బంతితో పరిగెత్తే క్లైడ్ ఎడ్వర్డ్స్ హిలేర్ బ్యాటన్ రూజ్ పిల్లాడే. ఎత్తు అయిదడుగుల ఎనిమిదంగుళాలు. ఆ ఆటకు అది పొట్టే.

వీళ్ళందరికన్నా పెద్ద చిక్కు అలబామా. 2012 జనవరిలో న్యూ ఆర్లియన్స్‌లో జాతీయ ఫైనల్ జరిగింది. అప్పటిదాకా ఓటమి ఎరగని ఎల్‌ఎస్‌యూ అందులో అలబామా చేతిలో 0-21తో చిత్తయింది. ఆ రాత్రి ఎల్‌ఎస్‌యూ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ జెఫర్సన్, జస్టిన్ పెద్దన్న. అప్పట్నుంచి అలబామా మీద వరసగా ఎనిమిది ఓటములు. 2018లో సొంత గడ్డ మీద 0-29. అవతలివాళ్ళు కొత్త తరం ఆట ఆడుతుంటే ఎల్‌ఎస్‌యూ మాత్రం బంతి చంకలో పెట్టుకుని గోడను గుద్దే పాత పద్ధతి వదల్లేదు. డిఫెన్స్ మీద గర్వం ఎక్కువ, పాయింట్లు తక్కువ.

ఒర్జరాన్ చేసిన అసలు పని ఇక్కడుంది. గొంతు చించుకునే కోచ్‌గానే ఆయన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు గానీ, నా లెక్కలో ఆయన గొప్పతనం తనకు రాని విద్యను ఒప్పుకోవడంలో ఉంది. 2019 జనవరిలో న్యూ ఆర్లియన్స్ ప్రొఫెషనల్ జట్టులో చిన్న ఉద్యోగం చేస్తున్న జో బ్రేడీని పిలిపించాడు. వయసు 29. అటాక్ బాధ్యతలు చూసే స్టీవ్ ఎన్స్‌మింగర్‌కి అరవై దాటాయి. ఆయన 1970ల చివర్లో అదే ఎల్‌ఎస్‌యూకి క్వార్టర్‌బ్యాక్. అరవై ఏళ్ళాయన పక్కన కొడుకు వయసువాణ్ణి కూర్చోబెట్టి, ఇద్దరూ కలిసి ఆట తీరు మార్చండి అంటే మన ఆఫీసుల్లో ఏం జరుగుతుందో ఊహించుకోండి. ఇక్కడ అలా జరగలేదు. బ్రేడీ కొత్త పథకాలు తెచ్చాడు, ఏ క్షణాన ఏది వాడాలో ఎన్స్‌మింగర్ చెప్పాడు. అయిదుగుర్ని మైదానమంతా పరిచి, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళకు బంతి. ఖాళీ ఎవరో చూసుకునే పని బరోది.

మూడో అవకాశం, 17 గజాలు

సెప్టెంబరు 7, ఆస్టిన్. ప్రత్యర్థి టెక్సస్, దాని కోచ్ అప్పట్లో ఎల్‌ఎస్‌యూ కోరుకున్న టామ్ హర్మన్. ఇంకా రెండున్నర నిమిషాల ఆట ఉంది. ఎల్‌ఎస్‌యూ 37-31తో ముందుంది. మూడో అవకాశం, పోవాల్సింది 17 గజాలు, నిలబడింది సొంత 39 గజాల గీత మీద. పాత ఎల్‌ఎస్‌యూ అయితే బంతితో మెల్లగా పరిగెత్తి, గడియారం నడవనిచ్చి, బంతి అవతలికి తన్నేసి, దేవుడి మీద భారం వేసేది.

బరో పాస్‌కి వెనక్కి జరిగాడు. టెక్సస్ ఆటగాళ్ళు మీదికి ఉరికారు. అతను వాళ్ళలోకే ఒక అడుగు ముందుకు వేసి, దెబ్బ తగిలేలోపు బంతి వదిలేశాడు. జెఫర్సన్ మధ్యలో అందుకుని, 61 గజాలు, గీత దాటేశాడు. చివరికి 45-38. ఎల్‌ఎస్‌యూ ఆట మారిందని ఎవరూ వ్యాసాలు రాయాల్సిన పని లేకుండా ఆ ఒక్క పాస్ చెప్పేసింది.

తర్వాతి వారాలు దాదాపు లెక్కల పుస్తకమే. 65, 66, 42, 42, 36. ఒక్క ఆబర్న్ మాత్రం కట్టడి చేయగలిగింది. ఆ మ్యాచ్ 23-20తో గట్టెక్కారు. నవంబరు 9న టస్కలూసాలో అలబామా. ప్రేక్షకుల్లో అధ్యక్షుడు ట్రంప్ కూడా ఉన్నాడు. అలబామా సొంత మైదానంలో ఓడి నాలుగేళ్ళు దాటింది. మొదటి సగానికి ఎల్‌ఎస్‌యూ 33, అలబామా 13. అక్కడితో ఆట అయిపోయిందనుకుంటే అలబామాని ఎరగనట్టే. 33-27 అయింది, 39-34 అయింది. ఆ ఘడియలో బంతిని పొట్టి హిలేర్ చేతిలో పెట్టారు. ఒకడు కాలు పట్టుకుంటే, ఇంకొకడు నడుం పట్టుకుంటే, ఇద్దర్నీ ఈడ్చుకుంటూ గీత దాటాడు. ఆ రాత్రి నాలుగు టచ్‌డౌన్‌లు అతనివే. 46-41. ఎనిమిది ఓటముల బాకీ తీరింది. అలబామా తరఫున చివర్లో 85 గజాల టచ్‌డౌన్ కొట్టిన డివాంటా స్మిత్ కూడా లూసియానా కుర్రాడే కావడం ఆ రాష్ట్రానికి ఇప్పటికీ పంటికింద రాయి.

నవంబరు 30న సొంత మైదానంలో చివరి మ్యాచ్. ప్రత్యర్థి టెక్సస్ ఏ అండ్ ఎం, కోచ్ జింబో ఫిషర్. ఏడాది కిందట ఇదే జట్టు ఏడు ఓవర్‌టైమ్‌ల దాకా లాగి 74-72తో ఎల్‌ఎస్‌యూని ఓడించింది. బరో సొరంగంలోంచి బయటికొచ్చినప్పుడు అతని చొక్కా వీపున ఇంటిపేరు స్పెల్లింగ్ మారి ఉంది, దక్షిణ లూసియానా ఫ్రెంచి పద్ధతి అక్షరాలతో. ఒహాయో పిల్లాడు మావాడయ్యాడని లక్షమంది లేచి అరిచారు. స్కోరు 50-7.

ఇదంతా చూడ్డానికి బరో తండ్రి జిమ్మీ ఉద్యోగమే వదులుకున్నాడు. ఒహాయో యూనివర్సిటీలో ఎన్నో ఏళ్ళుగా డిఫెన్స్ కోచ్. తన జట్టు, కొడుకు జట్టు ఒకే శనివారం ఆడితే కొడుకు ఆట చూడ్డం కుదరదు. ఆ ఏడాది రిటైరయ్యాడు. ఇంతకన్నా లాభసాటి రిటైర్మెంట్ ఎవరికీ దక్కి ఉండదు.

డిసెంబరులో జార్జియాని 37-10తో ఓడించి కాన్ఫరెన్స్ కప్పు కొట్టారు. సరిగ్గా వారానికి బరోకి హైజ్‌మన్ ట్రోఫీ వచ్చింది. కాలేజీ ఫుట్‌బాల్‌లో అంతకు మించిన బహుమతి లేదు. ఎల్‌ఎస్‌యూకి అంతకుముందు వచ్చింది ఒక్కసారే, 1959లో బిల్లీ కానన్‌కి. (కానన్ కథ వేరే నవల. దంతవైద్యుడయ్యాడు, దొంగనోట్లు అచ్చువేసి జైలుకెళ్ళాడు, విడుదలయ్యాక లూసియానాలోని అంగోలా జైల్లో ఖైదీలకు పళ్ళు బాగుచేస్తూ బతికాడు. 2018లో పోయాడు.) బరో వేదికెక్కి కళ్ళు తుడుచుకుంటూ తన ఆట గురించి కన్నా తన ఊరి పేదరికం గురించి ఎక్కువ చెప్పాడు. ఆగ్నేయ ఒహాయోలో బడి నుంచి ఇంటికెళ్తే పళ్ళెంలో ఏమీ ఉండని పిల్లలున్నారన్నాడు. కొద్ది రోజుల్లోనే ఏథెన్స్ ప్రాంతపు ఆహార నిధికి నాలుగు లక్షల డాలర్లకు పైగా విరాళాలొచ్చాయి.

డిసెంబరు 28

ఆ రోజు అట్లాంటాలో సెమీఫైనల్, ఓక్లహోమాతో. మ్యాచ్‌కి కొన్ని గంటల ముందు లూసియానాలోని లఫాయెట్‌లో ఓ చిన్న విమానం కూలింది. అట్లాంటాకి, ఈ మ్యాచ్‌కే బయల్దేరిన విమానం. లోపలున్న ఆరుగురిలో అయిదుగురు పోయారు. అందులో ఎన్స్‌మింగర్ కోడలు ఉంది. టీవీలో క్రీడా విలేకరి.

స్టేడియంలో ఉన్న ఎన్స్‌మింగర్‌కి ఆ కబురు ఒర్జరాన్ చెప్పాడు. వెళ్ళిపోతానంటే ఆపేవాళ్ళెవరూ లేరు. ఆయన పైనున్న కోచ్‌ల గదిలోకెళ్ళి, హెడ్‌సెట్ పెట్టుకుని, ఎత్తుగడలు చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి సగంలోనే బరో ఏడు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. అందులో నాలుగు జెఫర్సన్‌వి. విశ్రాంతికి 49-14, ముగిసేసరికి 63-28. కెమెరాలు ఒకటి రెండుసార్లు ఆ గది అద్దం వైపు తిరిగాయి. ఆయన కళ్ళు తుడుచుకోవడం కనిపించింది.

దాన్ని ధైర్యమన్నారు, అంకితభావమన్నారు. నాకలా అనిపించదు. కొంతమందికి ఇంట్లో చావొచ్చినప్పుడు చేతిలో పనుంటే తప్ప నిలబడ్డం చేతకాదు. పొలం దున్నేవాళ్ళలో, బడి పంతుళ్ళలో, వంటింట్లో మనం చూసినవాళ్ళే. ఆయన అలాంటి మనిషి. ఆ రోజు ఆయన చేతిలో ఉన్న పని ఇది, అంతే.

2020 జనవరి 13న న్యూ ఆర్లియన్స్‌లో ఫైనల్. 2012లో అన్న జోర్డన్ ఓడిన అదే సూపర్‌డోమ్‌లోకి తమ్ముడు జస్టిన్ దిగాడు. ప్రత్యర్థి క్లెమ్సన్, వరసగా 29 మ్యాచ్‌లు గెలిచిన జట్టు. వాళ్ళూ పులులే, వాళ్ళ స్టేడియాన్నీ ఎల్‌ఎస్‌యూ స్టేడియంలాగే మృత్యులోయ అంటారు. రెండు పులుల జట్లలో ఎవరికోసం అరుస్తున్నారో అరిచేవాళ్ళకే తెలియాలి. క్లెమ్సన్ 17-7తో ముందుకెళ్ళింది. ఆ సీజన్ మొత్తంలో ఎల్‌ఎస్‌యూ అంత వెనకబడిందే లేదు. అప్పుడు బరో మూడు టచ్‌డౌన్‌లు వరసగా వేసి 28-17 చేశాడు. పక్కటెముకల మీద దెబ్బ తగిలినా ఆపలేదు. బంతులందుకునే కుర్రాడు జమార్ చేజ్ ఒక్కడే 221 గజాలు. 42-25తో ముగిసింది. పదిహేనుకి పదిహేను. మొత్తం 726 పాయింట్లు, బరోవి 60 టచ్‌డౌన్ పాస్‌లు. రెండూ అప్పటికి రికార్డులే. ఓడించినవాళ్ళలో ఏడు జట్లు మొదటి పది ర్యాంకుల్లోవి.

నోట్లు

ఆ సీజన్ మొదలవడానికి నెల ముందు ఎల్‌ఎస్‌యూ 2.8 కోట్ల డాలర్లతో ఫుట్‌బాల్ ఆటగాళ్ళ భవనాన్ని తీర్చిదిద్దింది. ఒక్కొక్కరికీ వెనక్కి వాలి నిద్రపోయే కుర్చీ ఉన్న లాకరు. విరాళాల డబ్బే, ప్రభుత్వానిది కాదు. ఆ భవనం వీడియో చూసి అదే క్యాంపస్ అధ్యాపకులు, విద్యార్థులు కారుతున్న లైబ్రరీ పైకప్పు ఫోటోలు పెట్టారు. లూసియానా ఉన్నత విద్యకు ఏళ్ళ తరబడి నిధులు కోస్తూ వచ్చిన రాష్ట్రం. స్టాండ్ల కింద హాస్టలు కట్టిన కాలం నుంచి పెద్దగా మారిందేమీ లేదు.

కొన్ని నెలల్లో జట్టు చెల్లాచెదురైంది. బ్రేడీ ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్ళిపోయాడు. డిఫెన్స్ కోచ్ డేవ్ అరాండా బేలర్‌కి. ప్రొఫెషనల్ జట్లు కాలేజీ కుర్రాళ్ళను ఎంచుకునే ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో ఎల్‌ఎస్‌యూ ఆటగాళ్ళు 14 మంది ఎంపికయ్యారు. మొదటి పేరు బరోది, మొదటి రౌండ్ ఆఖరి పేరు హిలేర్‌ది. సెప్టెంబరులో ఛాంపియన్ల హోదాలో తొలి మ్యాచ్ ఆడి మిసిసిపి స్టేట్ చేతిలో 34-44తో ఓడారు. ఆ ఏడాది అయిదు గెలుపులు, అయిదు ఓటములు. కాలేజీ జట్టంటే అంతే, నాలుగైదేళ్ళకు మించి ఉండేవాళ్ళు అరుదు. ప్రొఫెషనల్ జట్టులా పదేళ్ళు ప్రేమించడానికి వీల్లేదు. అది నాకు లోపంగా కనిపించదు. ఆ ఏడాది స్టేడియంలో కూర్చున్నవాళ్ళకు ఇంకోసారి చూద్దాంలే అనే వెసులుబాటు లేదు.

లోపం వేరే చోట ఉంది. లైంగిక వేధింపుల ఫిర్యాదుల్ని ఎల్‌ఎస్‌యూ ఏళ్ళ తరబడి సరిగా పట్టించుకోలేదని, అందులో ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మీద వచ్చినవీ ఉన్నాయని 2021 మార్చిలో యూనివర్సిటీ వేయించుకున్న విచారణే తేల్చింది. ఆ నివేదిక చదివాక 726 పాయింట్ల రుచి కాస్త మారుతుంది.

డబ్బు సంగతీ ఉంది. ఆ సీజన్లో ఒర్జరాన్ జీతం 40 లక్షల డాలర్లు. గెలిచాక ఆరేళ్ళకు 4.2 కోట్ల కొత్త ఒప్పందం. లక్షమందిని సీట్లలోంచి లేపిన కుర్రాళ్ళకు దక్కింది స్కాలర్‌షిప్పు, తిండి, గది. తమ పేరు, ముఖం వాడుకుని సంపాదించుకునే హక్కు కాలేజీ ఆటగాళ్ళకు 2021 జులై 1న గానీ రాలేదు. యూనివర్సిటీలే నేరుగా డబ్బిచ్చే ఏర్పాటుకు 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకుంది.

ఫైనల్ గెలిచిన రాత్రి ఎల్‌ఎస్‌యూ పాత ఆటగాడు, ప్రొఫెషనల్ స్టార్ ఓడెల్ బెకమ్ జూనియర్ మైదానంలోకి దిగి, ఆడి అలసిన కుర్రాళ్ళ చేతుల్లో నోట్లు పెట్టాడు. కెమెరాల్లో పడింది. మొదట దొంగనోట్లేనన్నారు. కానన్ గుర్తొచ్చి ముసలివాళ్ళు నవ్వుకునే ఉంటారు. తర్వాత నిజం నోట్లేనని బరోనే చెప్పాడు. ఆటగాళ్ళకు డబ్బివ్వడం నిబంధనలకు విరుద్ధం గనక బెకమ్‌ను ఎల్‌ఎస్‌యూ రెండేళ్ళపాటు దరిదాపులకు రానివ్వలేదు. ఆ నిషేధం ముగియకముందే, 2021 అక్టోబరులో, జట్టు తడబడుతోందని ఒర్జరాన్‌ను సాగనంపాలని తీర్మానించి, వెళ్ళిపోయినందుకు ఆయనకు దాదాపు 1.7 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది.